కొత్తగా ఇన్‌ఛార్జ్ అయ్యాను. రోజంతా పరుగే, సాయంత్రానికి ఏదీ పూర్తి కాదు. అలవాట్లు ఎలా మార్చుకోవాలి, లక్ష్యాలు ఎలా పెట్టుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: టాబ్లెట్ ఫ్యాక్టరీలో ప్యాకింగ్ సెక్షన్. ఆరేళ్లు ఎగ్జిక్యూటివ్‌గా మంచి పేరు తెచ్చుకున్నారు, నాలుగు నెలల కింద ఇన్‌ఛార్జ్‌ని చేశారు. మూడు లైన్లు, షిఫ్టుకి ముప్పై మందికి పైగా మనుషులు. పొద్దున ఆరింటికి లోపలికి వెళ్తే రాత్రి ఎనిమిదిన్నరకి ఇల్లు చేరుతున్నారు. హెచ్‌ఆర్ వాళ్లు 11 కేఆర్‌ఏలున్న (ఏడాదిలో సాధించాల్సిన ముఖ్య ఫలితాల) షీటు చేతిలో పెట్టారు. తెల్లవారుజామున లేవడం, ముందురోజు రాత్రే పనుల జాబితా రాసుకోవడం, ఫోన్‌లో యాప్ పెట్టుకోవడం అన్నీ చూశారు. ఏదీ రెండు వారాలు దాటలేదు. 'నాలో క్రమశిక్షణ లేదా సార్?' అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. క్రమశిక్షణ లేనివాడు ఆరేళ్లు ప్యాకింగ్‌లో మంచి పేరుతో ఉండలేడు. మీరు ఇప్పటికీ ఎగ్జిక్యూటివ్ లెక్కనే వాడుతున్నారు, ఈరోజు నేనెన్ని పనులు చేశానని. ఇన్‌ఛార్జ్‌కి వేరే లెక్క ఉంది. నా సంతకం కోసమో, నా మాట కోసమో ఈరోజు ఎంతమంది, ఎంతసేపు ఆగిపోయారు? ఈ ఒక్క లెక్క వారం రోజులు రాయండి. ఏ అలవాటు మార్చుకోవాలో, ఏ లక్ష్యం పెట్టుకోవాలో రెండూ అందులోనే కనబడతాయి. ఆ 11 కేఆర్‌ఏలు షీటులో ఉంటే ఉండనివ్వండి, ప్యాకింగ్ హాల్లోకి మాత్రం రెండే తీసుకెళ్లండి.

ఇక వివరంగా. నేను ఈ రంగంలో 27 ఏళ్లు ఉన్నాను. కెమిస్టుగా చేరి, జీడిమెట్ల, పాశమైలారం, జడ్చర్ల తిరిగి, ప్రొడక్షన్ హెడ్‌గా బయటికొచ్చాను. ఇన్‌ఛార్జ్ అయిన మొదటి ఏడాది నాదీ మీ కథే. మా ఆవిడ ఒకరోజు టిఫిన్ బాక్స్ విప్పకుండానే వెనక్కి రావడం చూసి, "ఆఫీసులో నీకు కూర్చోవడానికి కుర్చీ ఇవ్వలేదా?" అంది.

అప్పుడు నాకు తోచిన పని ఆగిపోయిన వాళ్ల లెక్క రాయడం. ఇక్కడ ఒక జాగ్రత్త. హాల్లోకి సొంత నోట్‌బుక్ తీసుకెళ్లొద్దు, బ్యాచ్ వివరాలు విడి కాగితం మీద రాయొద్దు. ఆడిటర్ కంట పడితే మీ మంచి అలవాటే ఒక అబ్జర్వేషన్ (ఆడిట్‌లో రాసే తప్పు) అవుతుంది. నేను బయటికొచ్చి గౌన్ విప్పాక, ఆఫీసు టేబుల్ మీద, ఎవరు ఎందుకు ఎంతసేపు ఆగారో ఒక్కో లైనులో రాసేవాణ్ణి. ఒక పేజీ సుమారుగా ఇలా ఉండేది:

7:10 – రెండో లైన్, లీఫ్లెట్లు (మందు వివరాల కాగితాలు) తక్కువ, ఇండెంట్ (స్టోర్స్‌ని సరుకు అడిగే చీటీ) మీద నా సంతకం – 25 నిమిషాలు
8:40 – కార్టన్ మీద ఓవర్‌ప్రింట్ (బ్యాచ్ నంబరు, తేదీల ముద్ర) మొదటి నమూనా – 40 నిమిషాలు, నేను మీటింగ్‌లో ఉన్నా
11:05 – హెల్పర్ అక్క సెలవు చీటీ – పొద్దుటి నుంచి మొహమాటపడుతూ నా చుట్టే తిరిగింది
2:20 – ఫాయిల్ లాట్ మారింది, వాడొచ్చా అని ఆపరేటర్ – 30 నిమిషాలు

వారం తిరిగేసరికి యాభై మూడు ఎంట్రీలు వచ్చాయి. వాటిలో నిజంగా నేనే తేల్చాల్సినవి తొమ్మిది. నేను తొమ్మిది పనుల మనిషిని, యాభై మూడు పనుల మధ్య పరిగెత్తుతున్నాను. మిగతా నలభై నాలుగింటిలో సగం నా సంతకం ఒక ఆచారంగా మారినవి. పాత ఇన్‌ఛార్జ్ పెట్టేవాడు, నేనూ పెడుతున్నాను. మిగిలిన సగం నిన్ననే చూసుకుని ఉంటే ఈరోజు తలెత్తనివి.

మొదటి రకాన్ని లైన్ సూపర్‌వైజర్లకు ఇచ్చేశాను. కానీ నోటిమాటగా ఇవ్వకండి. "ఇకనుంచి నువ్వే చూసుకో" అని చెప్పడం వేరే ఫ్యాక్టరీల్లో నడుస్తుందేమో, మందుల ఫ్యాక్టరీలో అది మీ మెడకే చుట్టుకుంటుంది. ఎవరు సంతకం పెట్టవచ్చో ఎస్‌ఓపీలో (పని ఎలా చేయాలో రాసిపెట్టిన అధికారిక పత్రంలో) రాసి ఉంటుంది. దాన్ని మార్పించాలి, క్యూఏ (నాణ్యతకి హామీ ఇచ్చే విభాగం) ఒప్పుకోవాలి, ఆ సూపర్‌వైజర్‌కి ట్రైనింగ్ ఇచ్చి రికార్డు చేయాలి. నాకు ఇండెంట్ సంతకం ఒక్కటి బదిలీ చేయడానికి ఐదు వారాలు పట్టింది. విసుగొచ్చింది, ఒప్పుకుంటాను. ఆ తర్వాత పదేళ్లు ఆ సంతకం కోసం నన్నెవరూ వెతకలేదు.

రెండో రకానికి నేను పెట్టుకున్న అలవాటుకి మా వాళ్లు 'రేపటి గంట' అని పేరు పెట్టారు. మధ్యాహ్నం షిఫ్ట్ మారే ముందు ఒక గంట, తలుపేసుకుని, రేపటి ప్లాన్ ముందు పెట్టుకుని కూర్చోవడం. రేపు లైన్ ఎక్కే బల్క్ (ప్యాక్ కావాల్సిన విడి టాబ్లెట్లు) రిలీజ్ అయిందా, అంటే ప్యాకింగ్‌కి అనుమతి వచ్చిందా? ఫాయిల్, కార్టన్లు, లీఫ్లెట్లు స్టోర్స్‌కి వచ్చాయా, వస్తే క్యూసీ (నాణ్యత పరీక్షించే విభాగం) పాస్ చేసిందా? చేంజ్ పార్ట్స్ (ప్రొడక్టు మారినప్పుడు మెషిన్‌కి మార్చి బిగించే భాగాలు) సిద్ధమా? ఎవరెవరు రారు? ఈ చివరి ప్రశ్న చిన్నదనుకోకండి. శ్రావణంలో పెళ్లిళ్లు, సంక్రాంతికి ఊళ్లు, ఆషాఢం ఆదివారాల్లో బోనాలు అన్నీ క్యాలెండర్లో ముందే ఉంటాయి. అయినా ప్రతి ఏడాదీ ఆ సోమవారం పొద్దున సగం మంది రాకపోతే, అదేదో పిడుగు పడ్డట్టు అందరం ఆశ్చర్యపోయేవాళ్లం.

ఇంకో అలవాటు, హాల్లో తిరగడానికి వేళ పెట్టుకోవడం. నేను తొమ్మిదిన్నరకి ఒకసారి, పన్నెండున్నరకి ఒకసారి మూడు లైన్లూ చూసేవాణ్ణి. దీనివల్ల ఏం మారుతుందని మీకు అనిపించవచ్చు. మా ఊరికి పదింటి బస్సు కచ్చితంగా వస్తుందని తెలిసిన రోజుల్లో ఎవరూ పొద్దుటి నుంచీ స్టేజీ దగ్గర నిలబడేవాళ్లు కాదు. బస్సు ఎప్పుడొస్తుందో తెలియకపోతేనే జనం రోడ్డు మీద కాపు కాస్తారు. ఇన్‌ఛార్జ్ కూడా అంతే. తొమ్మిదిన్నరకి వస్తాడని తెలిస్తే అత్యవసరం కానిది అప్పటిదాకా ఆగుతుంది, నాలుగు ప్రశ్నలు ఒకేసారి అడుగుతారు. లైన్ ఆగితేనో, ఎవరికైనా దెబ్బ తగిలితేనో ఇంటర్‌కమ్ ఎలాగూ ఉంది.

వాట్సాప్ గ్రూపు గురించి అడిగారు. ప్రొడక్షన్ గ్రూపులో పొద్దునే గులాబీ పువ్వులు, మధ్యలో బర్త్‌డే కేకులు, వాటి కింద ఎక్కడో "లైన్ 3 స్టాప్" అని మెసేజ్. హాల్లోకి ఫోన్ తేకూడదు కాబట్టి ఆ మెసేజ్ పెట్టినవాడు లైన్ వదిలి లాకర్ గది దాకా వచ్చాడన్నమాట! లైన్ ఆగితే ఇంటర్‌కమ్ తప్ప ఇంకేదీ వాడొద్దని ఒక్క నియమం పెట్టండి, సరిపోతుంది.

తెల్లవారుజామున లేవడం గురించి ఎక్కువ చెప్పను. మూడు షిఫ్టులు తిరిగేవాళ్లకు గడియారానికి కట్టిన అలవాటు నిలవదు. ఈ వారం 'ఏ' షిఫ్ట్ (పొద్దుటిది), వచ్చే వారం 'సీ' షిఫ్ట్ (రాత్రిది) అయితే ఐదింటికి లేచే మనిషి ఐదింటికి ఇంకా లైన్ దగ్గరే ఉంటాడు. అలవాటును గంటకి కట్టకండి, షిఫ్టులో ఎప్పుడూ జరిగే ఒక పనికి కట్టండి. గౌన్ వేసుకునే ముందు బోర్డు చూడటం. మొదటి టీ తర్వాత రౌండ్. షిఫ్ట్ అప్పగించే ముందు రేపటి గంట. ఏ షిఫ్టులో ఉన్నా గౌన్ వేసుకోక తప్పదు, టీ తాగక తప్పదు. మీ అలవాట్లు రెండు వారాలకే ఎందుకు పోతున్నాయో ఇప్పుడు మీకే అర్థమై ఉండాలి, షిఫ్ట్ మారుతోంది కదా.

ఇక లక్ష్యాలు. మీ షీటులో ఓఈఈ (మెషిన్‌ని ఎంత బాగా వాడుకున్నామో చెప్పే శాతం) 5 శాతం పెంచాలి, యీల్డ్ (వృథా పోకుండా వచ్చిన సరుకు) పెంచాలి, 5ఎస్ (పనిచోటు సర్దుబాటు, శుభ్రత) స్కోరు, ట్రైనింగ్ గంటలు, గైర్హాజరు అని ఏవేవో ఉన్నాయి. చెడ్డవని కాదు. మీ బ్లిస్టర్ (టాబ్లెట్ల స్ట్రిప్) మెషిన్ ఆపరేటర్‌ని ఆపి "ఈరోజు ఓఈఈ పెంచడానికి ఏం చేస్తావన్నా?" అని అడిగి చూడండి. పాపం, మొహం చూసి నవ్వుతాడు. నేను లక్ష్యాన్ని పరీక్షించే పద్ధతి ఒకటే. హాల్లో ఉన్న మనిషి తన చేతులతో దాన్ని కదిలించగలగాలి, కదిలిందో లేదో వారంలోపు కంటికి కనబడాలి. ఈ రెండూ లేనిది మేనేజ్‌మెంట్ లెక్క. దాన్ని మేనేజ్‌మెంట్ రివ్యూకి దాచుకోండి.

ఎలా ఎంచుకోవాలో నా కేసు ఒకటి చెబుతాను, కాస్త పొడుగు.

మా దగ్గర ఒక ప్రొడక్టు నుంచి ఇంకోదానికి లైన్ మారాలంటే నాలుగు గంటలు పైనే పట్టేది. అందరూ దాన్ని వానాకాలంలో వాన పడటం లాగా ఒప్పేసుకున్నారు. ఒకరోజు నేను వేరే ఏ పనీ పెట్టుకోకుండా మొదటి నుంచి చివరిదాకా లైన్ పక్కనే నిలబడ్డాను. బ్యాచ్ 9:20కి ముగిసింది. మిగిలిన కార్టన్లు, ఫాయిల్ లెక్క చూసేసరికి 9:45. చేంజ్ పార్ట్స్ బీరువా తాళంచెవి రాత్రి షిఫ్ట్ ఫిట్టర్ జేబులో ఇంటికెళ్లిపోయింది. రెండో చెవి మెయింటెనెన్స్ వాళ్ల దగ్గర దొరికేసరికి ముప్పావుగంట. ఈలోపు శుభ్రం చేయడం మొదలుపెట్టవచ్చు కదా? పెట్టలేదు, పార్ట్స్ వచ్చాక రెండూ కలిపి చేద్దామని కూర్చున్నారు. రోలర్లు మార్చేటప్పుడు అలెన్ కీ కనబడలేదు, పక్క లైన్ నుంచి అడిగి తెచ్చారు. అంతా అయ్యాక 12:10కి క్యూఏకి ఫోన్ చేశారు. ఆ అమ్మాయి ఇంకో లైన్లో ఉంది, వచ్చేసరికి 12:55. వచ్చి కన్వేయర్ కింద టార్చి వేసింది. పాత ప్రొడక్టు టాబ్లెట్ ఒకటి దొరికింది. లైన్ క్లియరెన్స్ (పాత ప్రొడక్టుది ఏదీ మిగల్లేదని చూసే తనిఖీ) ఫెయిల్, మళ్లీ తుడవాలి. మొదటి కార్టన్ బయటికొచ్చేసరికి 1:40.

మొత్తం 260 నిమిషాలు. అందులో ఎవరివైనా చేతులు నిజంగా కదిలింది రెండు గంటల లోపే.

ఆ టాబ్లెట్ దొరికినప్పుడు పక్కనే ఉన్న హెల్పర్ అక్క ఏమీ అనకుండా కింద కూర్చుని, ఆగి ఉన్న కన్వేయర్ గైడ్ రేకు వెనక వేళ్లు పెట్టి ఇంకో టాబ్లెట్ తీసి అరచేతిలో చూపించింది. "ఎప్పుడూ గీడనే ఉంటది సార్. ఎవ్వలూ అడగలే" అంది. ఆమె పదకొండేళ్ల నుంచి ఆ లైన్లో ఉంది. ఆ మధ్యాహ్నం ఆమెనీ, ఇంకో ఇద్దరినీ కూర్చోబెట్టి, టాబ్లెట్లు ఎక్కడెక్కడ ఇరుక్కుంటాయో అడిగాం. ఏడు చోట్లు చెప్పారు. మా చెక్‌లిస్టులో వాటిలో మూడే ఉన్నాయి.

తర్వాత చేసినవి చాలా మామూలు పనులు. పార్ట్స్, పనిముట్లు ఒక ట్రాలీలో పెట్టి, పాత బ్యాచ్ నడుస్తుండగానే హాల్ బయటికి తెచ్చి ఉంచడం. తాళంచెవికి కొక్కెం, దాని పక్కన రిజిస్టర్. క్యూఏకి గంట ముందే కబురు. ఏడు చోట్లూ చెక్‌లిస్టులోకి. మూడు నెలల్లో సగటు రెండు గంటల ఇరవై నిమిషాలకి వచ్చింది. గంటన్నరకి తేవాలని నేను పట్టుబట్టాను, కాలేదు, ఓడిపోయాను. శుభ్రం చేయడానికి పట్టే టైమ్ పడుతుంది. అక్కడ తొందరపెడితే ఇంకో మందు టాబ్లెట్ ఇంకో రోగి డబ్బాలోకి వెళ్తుంది.

ఈ ఆలోచన నా బుర్రలో పుట్టిందేమీ కాదు. 1969లో టొయోటాలో వెయ్యి టన్నుల ప్రెస్సుకి (రేకును ఒత్తే యంత్రానికి) డై (అచ్చు) మార్చడానికి నాలుగు గంటలు పట్టేది. షిగియో షింగో అనే ఇంజినీరు దాన్ని ముందు గంటన్నరకి, తర్వాత మూడు నిమిషాలకి తెచ్చాడు. మెషిన్ ఆగాక మాత్రమే చేయగలిగే పనేది, నడుస్తుండగానే చేసిపెట్టుకోగలిగే పనేది అని విడదీయడం దాని కీలకం. మా ట్రాలీ రెండో రకం పని.

ఇప్పుడు గమనించండి, నేను బోర్డు మీద రాసిన లక్ష్యం "ఓఈఈ పెంచాలి" కాదు, "చేంజ్‌ఓవర్ (ప్రొడక్టు మారేటప్పుడు లైన్ మార్పు) రెండున్నర గంటల లోపు". ప్రతి మార్పు కాగానే ఆపరేటర్ తన చేత్తో టైమ్ రాసేవాడు. ఓఈఈ దానంతటదే కదిలింది, హెచ్‌ఆర్ షీటులో నాకు మార్కులూ పడ్డాయి. మీ బాస్‌తో కూడా ఇలాగే మాట్లాడండి. "11 చేయలేను" అనొద్దు. ఈ రెండు కదిలితే మీ పదకొండులో ఏయే ఐదారు కదులుతాయో గీత గీసి చూపించండి. రివ్యూలో కూర్చునే మనిషికి అది చాలా ఊరట. ఆయన నెత్తిన ఇరవై ఉంటాయి.

లక్ష్యం పక్కన ఒక పేరు ఉండాలి. 'ప్యాకింగ్ డిపార్ట్‌మెంట్' అని రాస్తే ఎవరిదీ కాదు. స్మార్ట్ గోల్స్ అని, ఆ ఇంగ్లిష్ మాటలో ఒక్కో అక్షరం మంచి లక్ష్యానికి ఒక్కో లక్షణమని ప్రతి ట్రైనింగ్‌లో చెబుతారు కదా, మేనేజ్‌మెంట్ కన్సల్టెంట్ జార్జ్ డొరాన్ 1981లో మొదట రాసినప్పుడు అందులోని 'ఏ'కి అర్థం ఎవరికి అప్పగించాలి అని. సాధించగలిగేది అనే అర్థం తర్వాత వచ్చి చేరింది. అన్ని లక్ష్యాలకూ ఆ ఐదు లక్షణాలూ ఉండాల్సిన అవసరం లేదని కూడా ఆయనే రాశాడు. మా ట్రైనింగ్‌లలో ఈ రెండు ముక్కలూ చెప్పగా నేను వినలేదు.

ఇప్పుడు నేను చేసిన తప్పు. ఇది చెప్పకపోతే జవాబు సగమే.

ఒక ఏడాది ఆడిట్ ముందు, "ఈ త్రైమాసికంలో సున్నా డీవియేషన్లు" అని పెద్ద అక్షరాలతో బోర్డు మీద రాయించాను. డీవియేషన్ అంటే రాసిన పద్ధతి నుంచి పక్కకి తప్పిన ఘటన, జరిగితే రికార్డు చేయాలి. చాలా గొప్పగా అనిపించింది. మొదటి నెల సున్నా. రెండో నెలా సున్నా. మీటింగ్‌లో నాకు చప్పట్లు కొట్టారు. మూడో నెలలో బయటి నుంచి కంప్లైంట్ వచ్చింది, కొన్ని కార్టన్లలో లీఫ్లెట్ లేదని. వెనక్కి వెళ్లి చూస్తే, ఆ రోజు లీఫ్లెట్ సెన్సర్ రెండుసార్లు మొరాయించింది. ఆపరేటర్ సర్దేసి నడిపించాడు, ఎక్కడా రాయలేదు. ఎందుకు రాయలేదని అడిగితే, తల దించుకుని బోర్డు వైపు చూశాడు. నేను రాయించిన అక్షరాలే అక్కడ ఉన్నాయి. అంతవరకు మా దగ్గర నెలకి ఆరేడు డీవియేషన్లు వచ్చేవి. అవన్నీ ఎక్కడికీ పోలేదు, కాగితం ఎక్కడం మానేశాయంతే. ఆ బ్యాచ్ మీద విచారణ ముగిసేసరికి నా మూడు నెలలు పోయాయి. ఆ ఆపరేటర్‌కి మెమో ఇవ్వాలన్నారు. నాకు ముందు ఇవ్వండి అన్నాను. ఇచ్చారు.

ఇది మా ఒక్కరి జబ్బు కాదు. అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు ఒక్కో కస్టమర్‌కి ఎనిమిది ప్రొడక్టులు అమ్మాలని సిబ్బందిని తరిమింది. చివరికి జనానికి తెలియకుండానే వాళ్ల పేర్ల మీద దాదాపు ఇరవై లక్షల ఖాతాలు, కార్డులు పుట్టుకొచ్చాయి. 2016లో 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది, 5,300 మంది ఉద్యోగాలు పోయాయి. ఎనిమిది అంకె వేసింది కౌంటర్ దగ్గర కూర్చున్నవాళ్లు కాదు.

అప్పటినుంచి నేను ఏ అంకె పెట్టినా దాని పక్కన కాపలాకి ఇంకో అంకె పెడతాను. చేంజ్‌ఓవర్ టైమ్ పక్కన, లైన్ క్లియరెన్స్ మొదటిసారే పాసైనవి ఎన్ని. మొదటిది తగ్గుతూ రెండోది కూడా తగ్గుతుంటే, పని ఎక్కడో ఎగ్గొడుతున్నారని అర్థం. ఇంకా, తప్పు బయటపెట్టిన మనిషికి లక్ష్యం వల్ల నష్టం రాకూడదు. డీవియేషన్ల సంఖ్య తగ్గాలని ఎప్పుడూ బోర్డు మీద రాయకండి. ఒకే కారణంతో రెండోసారి రాకూడదని రాయండి.

కొత్తగా మెషిన్ మీదికి ఎక్కినవాళ్లకి అంకెల లక్ష్యం ఇవ్వకండి. ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ పని నేర్చుకుంటున్న వాళ్ల మీద చేసిన ఒక అధ్యయనం 1989లో వచ్చింది. నేర్చుకునే తొలి దశలో స్కోరు లక్ష్యం పెడితే పనితీరు దెబ్బతిందని తేలింది. నాకు దాని సంగతి తెలియక ముందే మా హాల్లో చూశాను. ఐటీఐ నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడికి నిమిషానికి ఇన్ని బ్లిస్టర్లు అని చెబితే టెన్షన్‌తో చేతులు వణికేవి, సీలింగ్ టెంపరేచర్ చూడటం మర్చిపోయేవాడు. అంకె తీసేసి "ఈ వారం ఎన్‌ఎఫ్‌డీ చాలెంజ్ టెస్ట్ ఎవరి సాయం లేకుండా చెయ్" అన్నాం, అంటే టాబ్లెట్ లేని ఖాళీ గుంటల్ని మెషిన్ పట్టుకుంటోందో లేదో చూసే పరీక్ష. కుదురుకున్నాడు.

నెలాఖరు పరుగు గురించి మీరు రాసినదానికి ఒక్క ముక్క. సగం బ్యాచ్‌లు చివరి వారంలో పడుతుంటే తప్పు మీ సెక్షన్‌లోనే ఉందనుకోకండి, బల్క్ ఎప్పుడు రిలీజ్ అవుతోందో తేదీలు చూడండి. ప్యాకింగ్ చివరి మెట్టు, పైన జరిగిన ఆలస్యమంతా మీ గుమ్మంలో పడుతుంది.

ఇప్పుడు ఈ సలహా పనిచేయని చోటు. మనుషులు నిజంగానే తక్కువుంటే ఏ అలవాటూ మిమ్మల్ని గట్టెక్కించదు. మూడు లైన్లకి బీ షిఫ్టులో క్యూఏ మనిషి ఒక్కరే ఉంటే మీరు రేపటి గంట రెండు గంటలు కూర్చున్నా లైన్ ఆగుతుంది. అప్పుడు కూడా ఆ వారం లెక్క వృథా పోదు. నేను మా ప్లాంట్ హెడ్ దగ్గరికి "మనుషులు చాలట్లేదు" అని నాలుగుసార్లు వెళ్లాను, నాలుగుసార్లూ టీ ఇచ్చి పంపారు. ఐదోసారి నాలుగు వారాల పేజీలు పట్టుకెళ్లాను, క్యూఏ కోసం లైన్లు ఆగింది మొత్తం 31 గంటలని. ఆయన కళ్లద్దాలు సర్దుకుని రెండుసార్లు కూడారు. పక్క నెల నుంచి బీ షిఫ్ట్‌కి ఇంకో మనిషి వచ్చాడు.

అలాగే, బాస్ ఎప్పుడు పిలుస్తాడో తెలియని చోట రేపటి గంటకి తలుపేసుకోవడం అంత సులువు కాదు. నేను చేసింది చెబుతాను. మొదటి నెల ఆ గంట ఎక్కడున్నానో దాచలేదు. ఆయనకే ముందు చెప్పాను, సాయంత్రం నాలుగింటికల్లా రేపటి ప్లాన్ మీ టేబుల్ మీద ఉంటుందని. పది రోజులు వరసగా ఉంచాను. ఆ తర్వాత ఆ గంటలో ఎవరైనా నన్ను పిలిస్తే ఆయనే "ప్లాన్ చేస్తున్నాడు, ఆగు" అనేవారు.

వచ్చే సోమవారం 'ఏ' షిఫ్ట్ అన్నారు కాబట్టి అక్కడ మొదలుపెట్టండి. వారమంతా ఏదీ మార్చొద్దు, కేవలం లెక్క రాయండి. శనివారం ఆ పేజీలు ఇక్కడ పెట్టండి, మనుషుల పేర్లు, ప్రొడక్టు పేర్లు తీసేసి. ఏది ఎవరికి ఇవ్వొచ్చో ఒక్కొక్కటే చూద్దాం.

ఇంకోటి, ఆ వారంలో ఒక్కరోజైనా సాయంత్రం ఐదింటికి గేటు దాటండి. దారిలో ఉండగానే ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. ఎత్తండి. జవాబు మాత్రం వెంటనే చెప్పొద్దు. "నేను ఫోన్ ఎత్తకపోతే నువ్వు ఏం చేసేవాడివి?" అని అడగండి. చెప్పింది సరిగ్గా ఉంటే "అదే చెయ్" అని పెట్టేయండి. ఆ కాల్ కూడా రాత్రికి లెక్కలో రాయండి.